ఏడో పాఠంలో ముసలాయన

ఫిల్మ్ నగర్ మొత్తం మీద చైనా భాష అనర్గళంగా మాట్లాడగల తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. కావాలంటే ఈ వాక్యం మళ్ళీ చదువుకోండి, వెనక్కి తీసుకోను. కొల్లూరు దగ్గర లంక ఊళ్ళో అయిదో క్లాసుతో బడి మానేసినవాడికి చైనా భాషేంటని మీరు ముక్కున వేలేసుకుంటారు. వేసుకోండి. మొసలికి తెలుగు చెప్పింది నేను. చిరుతపులికి చెప్పింది నేను. మద్రాసులో ఉన్నప్పుడు ఓ విలన్‌కి చావుకేక పెడితే, పక్కవీధి ఆస్పత్రి నుంచి స్ట్రెచర్ పట్టుకుని ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. అంత దూరం వచ్చినవాళ్ళని ఉత్తచేతుల్తో పంపితే బాగుండదని మా సౌండ్ ఇంజనీరుని పడుకోబెట్టి పంపించాం.

సరే. పోయిన వారం మిమ్మల్ని మెట్ల దగ్గర నిలబెట్టి వెళ్ళిపోయాను. కాళ్ళు పీకుతుంటాయి, రండి, కూర్చోండి.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి నాలుగు ముక్కలు. నేను అచ్యుతరామయ్యని. డెబ్భై నాలుగేళ్ళు. తెర మీద ఎవరెవరో నోరు ఆడిస్తుంటే చీకట్లో నిలబడి మాటలు చెప్పిన డబ్బింగ్ గొంతుని. మా ఆవిడ పుష్పవల్లిదీ అదే పని. ఆవిడ పోయి మూడేళ్ళు. మేడ మీది పోర్షన్‌లో ఎనిమిది నెలలుగా హిమజ అద్దెకుంటోంది. సిద్దిపేట పిల్ల, ముప్పై దాటింది, ఊరి బయట ఓ ప్రైవేటు యూనివర్సిటీలో చైనీస్ చెబుతుంది. కాంట్రాక్టు ఉద్యోగం. వచ్చే అయిదేళ్ళకి పిల్లలకి ఏ పాఠ్యపుస్తకం పెట్టాలో తేల్చమని యూనివర్సిటీ వాళ్ళు మూడు పుస్తకాలు ఆ పిల్ల నెత్తిన పెట్టారు. ఒకటి బీజింగ్ నుంచి దిగింది. ఒకటి ఢిల్లీలో అచ్చయింది. మూడోది వాళ్ళ డిపార్ట్‌మెంట్ హెడ్డు రఘునందన్ గారు స్వయంగా రాసింది, వివరణలన్నీ తెలుగులో. ప్రస్తుతం పిల్లలు చదువుతున్నది అదే.

నెలరోజులుగా మేడ మీద గోడనిండా రంగు చీటీలు. పాఠానికి ఎన్ని కొత్త మాటలు, ఒకసారి నేర్పిన మాట మళ్ళీ ఎన్ని పాఠాల తర్వాత కనిపిస్తోంది, బొమ్మల్లాంటి ఆ అక్షరాలు ఏ గీత ముందు ఏ గీత వెనక అని చూపించారా, సంభాషణలు మనుషులు మాట్లాడుకునేట్టు ఉన్నాయా... ఆ పిల్ల పుస్తకాన్ని కొలిచినంత శ్రద్ధగా మా ఊరి కరణం పొలం కొలిచి ఉంటే మా నాన్నకి ఇంకో పది సెంట్లు మిగిలేది.

పుస్తకం తేల్చే కమిటీ మర్నాడు పదింటికి. ఆ మధ్యాహ్నం ముసురు. కొండ మీద కురిసిన నీళ్ళన్నీ మా వాకిలి ముందు నుంచే కిందకి పోతున్నాయి. హిమజ మెట్లు దిగి వచ్చింది. నా ఎదురుగా కుర్చీ లాక్కుంది. ఫోను బల్ల మీద పెట్టింది.

"పెద్దనాన్నా, ఒకటి వినిపిస్త. మధ్యల మాట్లాడకుండ వినుండ్రి."

మీరూ ఇప్పుడు వినండి.

ఫోనులోంచి ఓ ముసలాయన దగ్గాడు. దగ్గి, గొంతు సవరించుకుని, చైనా భాషలో ఏదో అడిగాడు. ఓ ఆడమనిషి నెమ్మదిగా, లాలనగా బదులు చెప్పింది. ముసలాయన "హుఁ" అన్నాడు.

హిమజ ఆపింది. "ఏడో పాఠం. మూడో పుస్తకం. ఈ తాత ఎవరు?"

"నాకేం తెలుసమ్మాయ్? ఎవరో చైనా పెద్దాయన. పాపం జలుబు చేసినట్టుంది."

"పొద్దుగాల పాలప్యాకెట్ తీస్కునేటప్పుడు మీరు గట్లనే దగ్గుతరు. ఎనిమిది నెలల సంది పైన పండుకొని వింటున్న."

"దగ్గుకి దేశం ఏముందమ్మా? అక్కడా అదే దగ్గు, ఇక్కడా అదే దగ్గు."

"పెద్దనాన్నా." ఆ పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నవ్వియ్యకుండ్రి. ఇయ్యాల నేను నవ్వ."

సరే, పట్టుబడ్డాను. మొదటి వాక్యం కొట్టేసుకోండి. నాకు చైనా భాష ఒక్క ముక్క రాదు. నీళ్ళు కావాలని అడగడం కూడా రాదు. దాహంతో అక్కడ చచ్చిపోతే నా శవానికి సైతం ఎవరో డబ్బింగ్ చెప్పుకోవాలి. నేను అనర్గళంగా మాట్లాడింది నిజమే, ఆ మాట్లాడింది చైనా భాష కాదు, అంతే తేడా.

"నాదే," అన్నాను. "ఆ ఆడగొంతు మీ పెద్దమ్మది."

హిమజ గోడ మీద పుష్పవల్లి ఫోటో వైపు చూసింది. ఆ పిల్ల మా ఆవిణ్ణి ఎప్పుడూ చూడలేదు. ఫోటోకే పెద్దమ్మ అని వరస కలుపుకుంది.

"ఎట్ల?" అంది.

చెప్పాను. మూడున్నరేళ్ళ కిందటి సంక్రాంతి వెళ్ళాక రఘునందన్ గారు మా ఇంటికి వచ్చారు. మంచి మనిషే. పుస్తకం రాశారు, ఆడియో కావాలి. చైనా నుంచి మనుషులు వచ్చే దారి లేదు, కరోనా గొడవ ఇంకా సద్దుమణగలేదు. "ప్రస్తుతానికి మీరు ట్రాక్ చెప్పండి సార్. దారులు తెరిచాక చైనా వాళ్ళతో మార్పిస్తా," అన్నారు. ట్రాక్ అంటే మా వాళ్ళకి కొత్తేం కాదు. పెద్ద గాయకుడు తీరిగ్గా వచ్చేలోపు ఎవరో చిన్నవాడు పాట పాడి పెడతాడు. ఆ తరవాత పెద్దాయన వచ్చి పాడితే చిన్నవాడి గొంతు చెరిపేస్తారు. చిన్నవాడు ఏమీ అనుకోడు. ఇదీ అలాగే అనుకున్నాం.

ఓదెలు అని ఓ కుర్రాడి స్టూడియోలో మూడు రోజులు. చైనా మాటలన్నీ రఘునందన్ గారు తెలుగు అక్షరాల్లో రాసి తెచ్చారు. పుష్పవల్లి కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "అర్థం చెప్పండి బాబూ, అప్పుడుగదా ఫీల్ పట్టుకునేది," అంది. ఆయన ఒక్కో వాక్యానికి అర్థం చెప్పారు. కోడలు మామగారిని భోజనానికి పిలుస్తోంది. తల్లి కూతురు దూరం వెళుతుంటే జాగ్రత్తలు చెబుతోంది. మేమిక ఊరుకుంటామా? పిలిచేచోట సాగదీశాం, బతిమాలేచోట గొంతు దించాం, అలిగేచోట తుంచేశాం. తెర మీద పెదవి ఆడి మాట లేకపోతే ఓ దగ్గో, నిట్టూర్పో పెట్టి నింపడం మా అలవాటు. అక్కడ తెరా లేదు, పెదవీ లేదు. అయినా ముసలివేషం అనేసరికి నా గొంతు దానంతటదే దగ్గింది. అద్దం అవతల్నుంచి ఓదెలు బొటనవేలు లేపి, "ఏక్ నంబర్ అన్నా, చైనా దిగింది!" అన్నాడు.

"ఆ రూంల చైనీస్ వచ్చినోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"రఘునందన్ గారు మొదటిరోజు ఉన్నారు. మిగతా రెండు రోజులూ కాలేజీ పని ఉండి రాలేదు."

హిమజ మొహం చేతుల్లో పెట్టుకుంది. తల ఎత్తి మాట్లాడింది, క్లాసులో చెప్పినట్టు ఓపిగ్గా.

"చైనీస్‌ల గొంతు పైకి లేస్తే ఒక మాట, దిగితే ఇంకో మాట, వంగి లేస్తే మరో మాట. కోపమొచ్చినా, ఏడుపొచ్చినా ఆ తీరు పోవద్దు. మీరిద్దరు మన తెలుగు కోపం, మన తెలుగు ప్రేమ తీస్కపోయి దాని మీద పెట్టిన్రు. ఒక్క మాట మిగల్లే. ఎవరో భాష రాని మనిషి చప్పగ చదివి పోతే ఇంత నష్టం కాకపోవు. మీరు మంచిగ చేసిన్రు పెద్దనాన్నా. గందుకే పిల్లలు నమ్మిన్రు. అట్ట మీదేమో 'చైనా దేశస్థుల గొంతులతో' అని ఉన్నది."

యాభై ఏళ్ళ పనిలో నన్ను తిట్టినవాళ్ళున్నారు. బాగా చేసినందుకు ఇంత మెత్తగా గుండెలో దిగేట్టు అన్నవాళ్ళు లేరు.

"పుస్తకం పనికిరానిదా అయితే?" అన్నాను.

"అదే నా ఏడుపు. మూడింట్ల గదే మంచిది. పాఠాల వరుస మంచిగున్నది, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకు గూడ అర్థమైతది. అన్ని గళ్ళల్ల దానికే ఎక్కువ మార్కులు వేసిన. ఆడియో గడి ఆఖరికి పెట్టుకున్న. మా ఫస్ట్ ఇయరోళ్ళకు నేనే నోటితో చెప్త, ఎప్పుడూ విన్లే. పోయిన శుక్రవారం నవత వచ్చి ఇది వినిపించింది."

నవత ఎవరో అప్పటికి నాకు తెలియదు. చెప్పింది. మూడో ఏడాది పిల్ల, మధురానగర్ నుంచి యూనివర్సిటీకి పోను గంట, రాను గంట. వాళ్ళ నాన్న నర్సింహ ఇక్కడే స్టూడియో వ్యాను నడుపుతాడు. బస్సులో చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండేళ్ళు ఈ ఆడియోనే వింది. క్లాసు ఫస్టు, అన్నీ రాత పరీక్షలే మరి. తైవాన్‌లో ఏడాది చదువుకి స్కాలర్‌షిప్ ఉందంటే పెట్టుకుంది. ఫోనులో ఇంటర్వ్యూ చేశారు. హిమజ ఆ రికార్డింగే పెట్టింది.

సన్నటి గొంతు. భయం లేదు. నాలుగు నిమిషాలు ఆగకుండా మాట్లాడింది. ముగించింది. అటువైపు కాగితాలు తిప్పిన చప్పుడు. తర్వాత ఓ పెద్దావిడ చాలా మర్యాదగా, ఇంగ్లీషులో, "థాంక్యూ అమ్మా. ఇక చైనీస్‌లో మొదలుపెట్టండి," అంది.

అంతవరకు మాట్లాడింది ఏ భాషో వాళ్ళకి తెలియలేదు.

"ఆనాటి సంది నోరు తెరుస్తలేదు ఆ పిల్ల," అంది హిమజ. "క్లాసుల పిలిస్తే లేచి నిలబడి కిందకి చూస్తదట. తెలుగుల గూడ సరిగ మాట్లాడుతలేదు."

నేను వినడం లేదు. "మళ్ళీ పెట్టు," అన్నాను. పెట్టింది. "మళ్ళీ."

వాక్యం చివర కొంచెం లేపి, అక్కడ ఊపిరి ఒక్క క్షణం ఆపి, మెల్లగా వదలడం. ఆ వదలడం పుష్పవల్లిది. ఆవిడ ఆ తీరు ఎక్కడా నేర్చుకోలేదు. పెళ్ళయిన కొత్తలో వంటింట్లోంచి "ఏవండీ" అని పిలిస్తేనే ఉండేది. నేను ఎన్నడూ మొహం చూడని పిల్ల, మధురానగర్‌లో, నా భార్య గొంతు నోట్లో పెట్టుకుని తిరుగుతోంది.

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. హిమజ అడగలేదు. అడిగి ఉంటే అబద్ధం చెప్పేవాణ్ణి, నాకది కష్టమేం కాదు.

"నేను రోజూ వింటానమ్మా అది."

"ఏది?"

"ఏడో పాఠం. పొద్దున్నే కాఫీ పెట్టుకుని, పుస్తకంలో ఆ క్యూఆర్ గళ్ళబొమ్మ మీద ఫోను పెట్టి వింటాను. సినిమాల్లో ఆవిడ గొంతు బోలెడుంది. అక్కడ వేరేవాళ్ళ మొహాలు అడ్డం వస్తాయి. ఇందులో మొహం లేదు. కళ్ళు మూసుకుంటే ఆవిడే. అర్థం తెలీదు గనక నాకు కావలసిన అర్థం పెట్టుకుంటాను. ఓ రోజు మాత్ర వేసుకున్నారా అంటుంది. ఓ రోజు వానొస్తోంది బట్టలు తియ్యండి అంటుంది."

"పెద్దమ్మ అసలు ఆడ ఏమంటుందో తెల్సా మీకు?"

"చెప్పకు."

చెప్పలేదు. కానీ టీచరమ్మ కదా, లెక్క తేలకుండా వదలదు.

"పుస్తకం మీ తాన ఉన్నదంటే, ట్రాక్ మార్చలేదని మీకు ముందే తెల్సు."

"తెలుసు."

"ఎప్పటి సంది?"

"అచ్చయి వచ్చినప్పట్నుంచి. ఆవిడ పోయిన నాలుగో నెల. రఘునందన్ గారే తెచ్చిచ్చారు. మార్చడానికి వీలుపడలేదు సార్, ఎవరూ కనిపెట్టరులెండి అన్నారు. నేను కూడా ఏమీ అనలేదు."

"రెండున్నరేండ్లు."

"దాటింది."

"ఒక్క ఫోన్ చేస్తే అయిపోవు పెద్దనాన్నా. ఒక్క ఫోన్."

"చేస్తే తీసేసేవాళ్ళు."

"అవును. తీసేసేటోళ్ళు." లేచి కిటికీ దగ్గరికి పోయింది. "గొంతే కావాలంటే పెన్‌డ్రైవ్‌ల వేసిస్త, నూరేండ్లు వినుండ్రి. మీ బాధ గది కాదు కదా?"

కాదు. ఆ పిల్లకి అర్థమయిందని నాకూ అర్థమయింది. పుష్పవల్లి ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసింది. హీరోయిన్ల తల్లులందరికీ ఆవిడే ఏడ్చింది. ఒక్క సినిమాలో పేరు పడలేదు. ట్రాక్ అయిపోయిన రోజు ఆటోలో, ఆయాసపడుతూనే నవ్వింది. "ఇన్నాళ్ళూ మనుషుల పేరు మీద మాట్లాడాను. ఇప్పుడు ఏకంగా దేశం పేరు మీద," అంది. అదే ఆవిడ ఆఖరి పని.

హిమజ సంచిలోంచి ఓ కాగితం తీసి నా ముందు పెట్టింది. టైపు చేసి తెచ్చింది. ఎప్పుడు, ఎక్కడ రికార్డు చేశారు, గదిలో భాష తెలిసినవాళ్ళున్నారా, తాత్కాలికమని చెప్పారా. అన్నిటి కింద రెండు ఖాళీలు. మగ గొంతు, పేరు. ఆడ గొంతు, పేరు. దాని కింద సంతకం.

"నేనొక్కదాన్నే ఆడియో బాగలేదంటే, కాంట్రాక్టు లెక్చరర్‌కు హెడ్డు మీద కోపం అంటరు. అట్ట మీద చైనా దేశస్థులని అచ్చేసి ఉన్నది, నువ్వెవరంటరు. చెప్పిన మనిషే చెప్తే కాదనలేరు. ఆడియో తీసేసి మళ్ళ చేపిస్తరు, పుస్తకం బతుకుతది. లేకుంటే ఇంకో అయిదేండ్లు గిదే వింటరు పిల్లలు. నవత అసుంటోళ్ళు ఎందరో."

"ఆవిడ పేరు కూడా రాయాలా?"

"రెండు గొంతులున్నయి కదా పెద్దనాన్నా."

బతికినంతకాలం ఆవిడ పేరు ఏ కాగితం మీదా రాలేదు. మొట్టమొదటిసారి వచ్చేది ఇక్కడ. దొంగ గొంతు అని.

ఫోటో వైపు చూడలేదు. పెన్ను తీసుకున్నాను. మొదటి ఖాళీలో నా పేరు రాశాను. రెండో ఖాళీలో పుష్పవల్లి అని రాశాను, ఇంటిపేరుతో సహా, అక్షరం అక్షరం విడివిడిగా, గుండ్రంగా. కింద సంతకం పెట్టాను. హిమజ వంగి నా పాదాలకి దణ్ణం పెట్టి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. బయట వాన వెలిసింది. జూబ్లీహిల్స్ వైపు మబ్బు చీలి, బండరాళ్ళ మీద కాస్త ఎండ పడింది.

ఇక్కడిదాకా చదివి కళ్ళు తుడుచుకున్నవాళ్ళు నన్ను మన్నించాలి. మొసలి సంగతి, స్ట్రెచర్ సంగతి మీరెలాగూ నమ్మి ఉండరు, వాటి జోలి వద్దు. ఈ గదిలో జరిగిందంతా జరిగినట్టే రాశాను, ఒక్కటి తప్ప. ఆ సంతకం నేను అల్లాను. అలా జరిగి ఉంటే బాగుండేదని రాసుకున్నాను. సంతకమే లేనప్పుడు వాన వెలవడం మాత్రం ఎక్కడిది, అది కురుస్తూనే ఉంది.

జరిగింది ఇది. కాగితాన్ని ఒక వేలితో వెనక్కి నెట్టాను. "తప్పు చేసింది రఘునందన్ గారు. వెళ్ళి ఆయన్నే అడుగు," అన్నాను. నా గొంతు నాకే ఏ విలన్‌దోలాగా వినిపించింది.

హిమజ పెన్నుకి క్యాప్ పెట్టింది. కాగితం మాత్రం తీసుకోలేదు.

"సరే. ఆ ముక్క నవతకు నేను చెప్పలేను, మీరే చెప్పుండ్రి," అని వెళ్ళి వీధితలుపు తీసింది.

నవతని దింపి వాళ్ళ నాన్న వ్యాను అప్పుడే కొండ దిగుతోంది. గొడుగు మడుస్తూ ఇరవై ఏళ్ళ పిల్ల లోపలికి వచ్చింది. చెప్పులు బయట విడిచి, తడికాళ్ళు గుమ్మంలో తుడుచుకుని, తిన్నగా నా దగ్గరికి వచ్చి కాళ్ళకి మొక్కింది. వారంరోజులుగా నోరు విప్పని పిల్లట. మెల్లగా, ఒక్కో మాటా కూడగట్టుకుంటూ అంది.

"తాతయ్యా, మా మేడం నాకు అంత చెప్పింది. మీరు మంచోళ్ళు, తప్పకుండ సంతకం పెడ్తరు అన్నది. ఆ కాగితం పంపితే తైవాన్ వాళ్ళు నాది ఇంకోపాలి వింటరంట. ఇరవై రోజులు టైమిస్తరంట. నేను మొత్తం మళ్ళ మొదటి నుంచి నేర్చుకుంట." చేతులు జోడించింది. "థాంక్స్ తాతయ్యా. జర చూడొచ్చా?"

కాగితం మా ఇద్దరి మధ్య బల్ల మీద ఉంది. రెండు ఖాళీల మీదా నా అరచెయ్యి ఉంది. అది ఎప్పుడు అక్కడ పెట్టానో నాకు గుర్తులేదు.

ఆ పిల్ల చెయ్యి చాచింది.